కాస్త దూది

చీకటి పడితే విక్టోరియా సరస్సు మీద
ఇంకో ఊరు వెలుస్తుంది.
దీపాల పడవలు.
ఒమేనా చేప వెలుగుకి మోసపోయే వేళ.
తెల్లారేసరికి ఆ ఊరు మాయమై
ఒడ్డున తడి వలలు, నిద్రలేని మగవాళ్ళు,
బుట్టలు పట్టుకుని మేము.

మేము అన్నాను గానీ
నేను బుట్ట దించి పన్నెండేళ్ళు.
ఇప్పుడు నా సంచిలో చేపల్లేవు.
పరీక్ష పట్టీలు, కండోములు, అట్ట ఊడిన పుస్తకం,
నా మాత్రల సీసా.
నడిస్తే అది గలగలమంటుంది.
మ్బిటా సందుల్లో పిల్లలు నన్ను
గిలక్కాయ మామ్మ అంటారు.
అననీ.

అపోండి పొద్దు వాలాక వచ్చింది.
ఇరవై మూడేళ్ళ పిల్ల, అరచేతులకింకా పొలుసులు.
కూర్చోలేదు. గుమ్మం పట్టుకునే అంది:
"చేప ఇచ్చేవాడు డబ్బొక్కటే అడగడు,
నీకు తెలుసుగా."

తెలుసు.
ఆ తూకంలో రాయెక్కడుంటుందో తెలుసు.
ఆ తూకంలోనే మా అక్క అడోయో తూగింది.
మందు ఈ ఒడ్డుకి చేరకముందే
తేలికైపోయింది,
చివరికి బుట్టెడు ఎండుచేపలంత.
కంచం వేరు పెట్టారు, లోటా వేరు పెట్టారు,
పోయాక రెండూ తీసుకెళ్ళి నీళ్ళలో విసిరారు.
కంచానికి ఏ పాపమూ తెలియదు.
ఎంగిలికి తెలియదు, దోమకి తెలియదు,
ఆమెని ఎత్తి కూర్చోబెట్టిన నా చేతులకి తెలియదు.
అది నడిచేది నెత్తుటి దారిన, పడక దారిన,
మందు పడని తల్లి నుంచి బిడ్డ దారిన.
ఇంత చిన్న సంగతి తెలియడానికి
మా ఇంట్లో ఒక మనిషి ఖర్చయింది.

అపోండి వేలు పొడిచాను.
పావుగంట.
ఆమె నా గోడ మీది బల్లిని చూసింది,
నేను ఆమె మెడ మీది నరాన్ని.
ఒకటే గీత.
అప్పుడు ఏడ్చింది. లేదని తెలిసినా ఏడుస్తారు, చాలామంది.

మర్నాడు ఆసుపత్రిలో సీసా ఇప్పించాను.
"రోజుకొకటి. లోపల కాపలా నిలబడడానికి వారం పడుతుంది,
అందాకా తలుపుల్లేని ఇల్లే అనుకో.
మూడు నెలలకోసారి వేలు నాకివ్వాలి.
మానాలనిపిస్తే చెప్పి మాను.
కడుపు రాకుండా ఇది ఆపదు,
తక్కిన సుఖవ్యాధుల్నీ ఆపదు,
తొడుగు తొడుగే."

విందో లేదో. సీసాని ఒక్కసారి ఊపి
పాలిపోయింది.
"ఈ చప్పుడు వింటే జబ్బుందంటారు.
రాకుండా వేసుకుంటున్నానంటే
వచ్చే పనులు చేస్తోందంటారు."
నిజమే. ఊరికి రెండువైపులా పదునే.

దిండు చింపి దూది తీసిచ్చాను.
కుక్కుకుంది. ఊపింది.
చేప నోరు తెరిచినంత నిశ్శబ్దం.

మూడో నెల వచ్చింది. వేలిచ్చింది. ఒకటే గీత.
వెళ్ళలేదు.
"ఒబుయా పడవ ఇంజను ఆగిపోతే
పానా కోసం డబ్బా వెతికాను మామ్మా.
మేకులు, నట్లు, వాటి మధ్య ఒక సీసా.
మేకుల్లో దాస్తే మేకుల చప్పుడే అనుకుంటారుగా.
అచ్చం నీ సీసా లాంటిదే."

నేనేమీ అనలేదు.
నా పుస్తకంలోని పేర్లు నా నోట రావు.

"మందు మింగేవాడి నుంచి..." అని ఆగింది.
"రోజూ మింగి, రక్తంలో వెతికినా దొరకనంతగా అణిగి,
అలా అణిగే ఉంటే
పడక దారిన అది ఎవరికీ పోదు.
అణిగిందో లేదో కాగితం చెప్పాలి.
నేను కాదు, అతనూ కాదు."

"నాకు చెప్పలేదు," అంది, పళ్ళు బిగబట్టి.
"నువ్వు చెప్పావా?"

బల్లి ఇవాళ లేదు. ఉత్త గోడనే చూసింది చాలాసేపు.
బయట పడవలు కదులుతున్నాయి,
ఒక్కో దీపం దగ్గుతూ వెలుగుతోంది.
గుమ్మం దాకా వెళ్ళి తిరిగింది.
"పడవలో అంతా తడి మామ్మా.
మాత్రలు నానిపోతాయేమో.
ఇంకాస్త దూది ఉందా?"

దిండు పల్చబడింది.
రాత్రి మెడ పట్టేసింది నాకు.